తరగతి గదిలో నాట్యం, హాస్టల్ వెనక డప్పు

'కళని చదువుతో కలపాలి' అనే మాట ఈమధ్య విశ్వవిద్యాలయాల్లో తరచుగా వినబడుతోంది. కళలకీ శాస్త్రాలకీ మధ్య, పాఠానికీ పాఠ్యేతర కార్యక్రమాలకీ మధ్య గట్టి గోడలు ఉండకూడదని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. స్థానిక కళాకారుల్ని విద్యాసంస్థల్లో కొంతకాలం ఉంచి విద్యార్థులకి నేర్పించాలని 2023లో యూజీసీ మార్గదర్శకాలు ముందుకు తెచ్చింది. హాస్టళ్ళున్న చోట, అంటే విద్యార్థి పాఠం విని ఇంటికి వెళ్ళిపోకుండా అక్కడే తిని అక్కడే పడుకునే చోట, ఈ కలయిక ఇంకా బాగా కుదురుతుందని అంటున్నారు.

వినడానికి బాగానే ఉంది. పాట, ఆట, చదువు కలిసి ఉండాలంటే కాదనేవాళ్ళెవరు? కానీ మా ఇళ్ళల్లో డిగ్రీ మొహం మొదట చూసినవాళ్ళం మేం. ఇట్లాంటి మంచి మాట విన్నప్పుడు ముందు లెక్క అడగడం మాకు అలవాటు. ఏ కళ? ఎవరి చదువు? ఈ కలయిక జరిగేది తరగతి గదిలోనా, హాస్టల్ వెనకనా?

మేం చదువుకున్న చోట్ల రెండు రకాల కళలు చూశాం. ఒకటి టైంటేబుల్లో ఉంటుంది. దానికి అద్దాల గది, వాయిద్యాలు పెట్టుకునే బీరువా, ప్రొఫెసర్, పరీక్ష, మార్కులు, పీహెచ్.డీ. ఉంటాయి. రెండోది రాత్రి భోజనాలయ్యాక మొదలవుతుంది. హాస్టల్ వెనక నాలుగు కాగితాలు, ఎండు కొమ్మలు వేసి మంట పెట్టి డప్పు కాస్తారు. పాట అందుకుంటారు. వార్డెన్ వచ్చి ఆపమనేదాకా నడుస్తుంది. దానికి మార్కుల్లేవు, హాజరు లేదు.

ఈ రెండూ కలిసే రోజు ఒకటి ఉంది. యూనివర్సిటీ ఉత్సవం రోజు. ముఖ్య అతిథిని గేటు నుంచి వేదిక దాకా తీసుకురావడానికి డప్పు కావాలి. ఆరోజు వార్డెనే స్వయంగా వచ్చి పిలగాళ్ళని పిలుచుకుపోతాడు. వేదిక మెట్ల దగ్గర డప్పు ఆగిపోతుంది. పైన దీపం వెలుగుతుంది, ప్రార్థన అవుతుంది, శాస్త్రీయ నృత్యం మొదలవుతుంది. ఊళ్ళో దేవుడి ఊరేగింపు ముందు నడిచిన డప్పు గుడి గడప దగ్గర ఆగిపోయినట్టే. ఊరి పద్ధతిని విశ్వవిద్యాలయం ఇంత భద్రంగా కాపాడుతూ వస్తోందంటే, 'కలపడం' అనే మాటని కాస్త విప్పి చూడాల్సిందే.

శాస్త్రీయం ఎట్లా తయారవుతుంది?

డప్పుని సిలబస్‌లో ఎందుకు పెట్టరని అడిగితే వచ్చే జవాబు ఒకటే. దానికి శాస్త్రం లేదు, గ్రంథం లేదు, క్రమమైన శిక్షణా పద్ధతి లేదు. అదేదో సహజంగా వచ్చేది, నేర్పేది కాదు.

సరే, శాస్త్రం ఉన్నదాని చరిత్ర చూద్దాం. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడెమీ జరిపిన నృత్య సదస్సులో కూచిపూడికి ప్రత్యేక శాస్త్రీయ నృత్యంగా గుర్తింపు దక్కలేదు. ఆ లోటు తీర్చడానికే 1959లో హైదరాబాద్‌లో పండితుల్ని, కళాకారుల్ని కూర్చోబెట్టి సదస్సు జరిపారు. భరతుడి నాట్యశాస్త్రం నుంచి ఆధారాలు చూపించారు. కొత్త రాష్ట్రానికి తనదంటూ ఒక నాట్యం కావాలి. ప్రభుత్వం వెనక నిలబడింది. కూచిపూడి గ్రామంలో బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్ళు ఆడవేషాలు కట్టి రాత్రంతా ఆడే భాగవతం, మద్రాసులో వెంపటి చినసత్యం వంటి గురువుల చేతుల్లో వేదికకి తగిన నాట్యంగా మారింది. ఆడపిల్లలు నేర్చుకోవడం మొదలైంది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక కూచిపూడి గ్రామంలోని సిద్ధేంద్ర కళాపీఠం దాని కిందికొచ్చింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కూచిపూడి, భరతనాట్యం పీజీ చదువులయ్యాయి.

అదే కాలంలో ఇంకో కథ నడిచింది. కోస్తా జిల్లాల కలావంతుల స్త్రీల ఆట ఆ ప్రాంతపు గుళ్ళల్లో, మేజువాణీల్లో తరాలుగా ఉన్నదే. 1947 మద్రాసు దేవదాసీ నిషేధ చట్టంతో ఆ దురాచారానికి చట్టం అడ్డుకట్ట వేసింది. వేయాల్సిందే. కానీ ఆ స్త్రీల చేతిలో ఉన్న విద్య కూడా దానితోపాటే వీధిన పడింది. తర్వాత నటరాజ రామకృష్ణ వెతికి ఆ పెద్దవాళ్ళ దగ్గరున్నదాన్ని 'ఆంధ్రనాట్యం' పేరుతో వేదికెక్కించారు. ఆట వేదికెక్కింది. ఆ ఆట ఆడిన కులం ఆడపిల్లల్లో ఎంతమంది డిపార్టుమెంట్లలోకి వచ్చారు?

కూచిపూడిని తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. ఒక కళ డిపార్టుమెంట్‌లోకి దానంతటది నడిచి రాదు, దాన్ని తీసుకొస్తారు అని చెప్పడానికి చెప్తున్నాం. సదస్సులు, కమిటీలు, నిధులు, ప్రభుత్వ ఉత్తర్వులు, పట్టుబట్టిన మనుషులు కావాలి. శాస్త్రం ఉంది కాబట్టి సిలబస్ వచ్చిందని చెప్తారు. సిలబస్ కావాలనుకున్నారు కాబట్టే శాస్త్రాన్ని అంత శ్రద్ధగా వెతికారు అనేది సగం నిజం. ఇంకో సగం ఏమిటంటే డప్పు కోసం ఎవరూ వెతకలేదు.

నిజంగా డప్పుకి శాస్త్రం లేదా? ఏ తోలు పనికొస్తుంది, దాని వెంట్రుక ఎట్లా తీయాలి, చక్క మీద ఎంత బిగువుగా సాగదీయాలి, ఎంత కాస్తే ఏ నాదం పలుకుతుంది, ఎంత మించితే తోలు పగులుతుంది - ఇది పదార్థ విజ్ఞానం కాదా? ఒక చేతిలో చిర్ర, ఇంకో చేతిలో సిటికెన పుల్ల. రెండు చేతులకి రెండు వేరు వేరు పనులు. చావుకి ఒక దరువు, పెళ్ళికి ఒకటి, జాతరకి ఒకటి, చాటింపుకి ఒకటి. దూరాన పొలంలో ఉన్న మనిషి దరువు విని ఊళ్ళో ఏం జరిగిందో చెప్పగలడు. ఇంత అర్థాన్ని మోసే లయకి వ్యాకరణం లేదనడం ఎట్లా కుదురుతుంది? రాసిపెట్టలేదు అనండి, ఒప్పుకుంటాం. ఎందుకు రాయలేదో కూడా అప్పుడు చెప్పాలి. రాయడం నేర్చుకోనివ్వకుండా, రాతలో లేదని తోసిపుచ్చడం ఏం న్యాయం?

'జానపదం' అనే పక్క గది

డప్పుకీ, చిందుకీ, కిన్నెరకీ విశ్వవిద్యాలయంలో అసలు చోటే లేదా అంటే ఉంది. 1950ల్లో ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు చేసిన పరిశోధనతో జానపద సాహిత్యం పీహెచ్.డీ. విషయమైంది. తెలుగు విశ్వవిద్యాలయం వరంగల్లులో జానపద గిరిజన విజ్ఞాన పీఠం పెట్టింది. ఇది చిన్న పని కాదు. వాళ్ళు సేకరించకపోతే చాలా పాటలు ఆ ముసలివాళ్ళతోనే మట్టిలో కలిసిపోయేవి.

కానీ ఆ గది తలుపు ఎట్లా తెరుచుకుంటుందో చూడండి. కూచిపూడి డిపార్టుమెంట్‌లో ఆడే మనిషి గురువు. జానపద డిపార్టుమెంట్‌లో ఆడే మనిషి 'సమాచారదాత'. ఒకరి ముందు విద్యార్థి నిలబడి నేర్చుకుంటాడు. ఇంకొకరి ముందు పరిశోధకుడు టేప్‌రికార్డర్ పెట్టి ప్రశ్నలడుగుతాడు. మొదటిదాంట్లో కళ విద్య. రెండోదాంట్లో కళ ముడిసరుకు. నిజామాబాద్ ప్రాంతపు చిందు ఎల్లమ్మ చిన్నప్పటినుంచి వేషం కట్టి, యక్షగానాన్ని ఒళ్ళంతా నింపుకుని, 2005లో పోయింది. ఆమె వంటి కళాకారుల మీద రాసినవాళ్ళు డాక్టర్లవుతారు. ఆమె వంటివాళ్ళు సిద్ధాంత గ్రంథం చివర ఒక పేరు, ఒక ఊరు, ఒక వయసు అవుతారు. మేం కూడా పరిశోధకులమే, ఇదే పద్ధతిలో శిక్షణ పొందినవాళ్ళమే. అందుకే ఈ పద్ధతిని లోపలినుంచి ప్రశ్నించే బాధ్యత మాదే అంటున్నాం.

మన దగ్గర కలిపినవాళ్ళు లేరా?

కళనీ చదువునీ కలపడం ఎవరో కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడుతున్నారు కాబట్టి దళిత ఉద్యమం ఆ పని ఎప్పుడు, ఎట్లా చేసిందో గుర్తుచేయాలి.

1906లో హైదరాబాద్‌లో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ హరికథల ద్వారా జనానికి చదువు గురించి, సంస్కరణ గురించి చెప్పించాడు. ఆ తర్వాత బడులు తెరిచాడు. కథ ముందు, బడి తర్వాత. పలక పట్టని జనం దగ్గరికి చదువు పాటగా నడిచి వెళ్ళింది. కోస్తాలో బోయి భీమన్న 'పాలేరు' నాటకం ఊరూరా ఆడారు. పశువుల దగ్గర ఉండే పాలేరు పిలగాడు చదువుకుని అధికారి అయ్యే కథ అది. నాటకం చూసి పిల్లల్ని పాలేరుతనం మాన్పించి బడికి పంపారని పెద్దవాళ్ళు చెప్పుకుంటారు. మనకి రంగస్థలం వినోదానికి ముందే బడి అయింది.

వసతి కళాశాలకి అసలైన ఉదాహరణ ఇంకా దగ్గరగా ఉంది. అంబేద్కర్ 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టాక తొలి రోజుల్లో చేసిన పనుల్లో షోలాపూర్‌లో హాస్టల్ తెరవడం ఒకటి. అంటరాని పిలగాడికి చదువు దక్కాలంటే బడితోపాటు పడుకునే చోటు, తినే కంచం కావాలని ఆయనకి తెలుసు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ ఏర్పాటయింది. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కళాశాల, 1950లో ఔరంగాబాద్‌లో మరో కళాశాల మొదలయ్యాయి. ఆ రెండోదే మిళింద మహావిద్యాలయం. ఔరంగాబాద్ పేరు 2023లో ఛత్రపతి శంభాజీనగర్‌గా మార్చారు. కానీ కళాశాల పుట్టినప్పుడు అది హైదరాబాద్ రాష్ట్రంలోనిది. మన తెలంగాణ, ఆ మరాఠ్వాడా అప్పుడు ఒకే నిజాం పాలన కిందినుంచి బయటపడిన ప్రాంతాలు. అందుకే మిళింద మనకి పరాయి కథ కాదు.

మరాఠ్వాడా పల్లెల నుంచి వచ్చిన పిల్లలు అక్కడ హాస్టళ్ళలో ఉండి చదివారు. కళాశాల పేరే ఒక మాట చెప్తుంది. బౌద్ధ గ్రంథంలో మిళిందుడు భిక్షువు నాగసేనుణ్ణి ఎడతెగకుండా ప్రశ్నలడిగిన రాజు. ఆ ఆవరణకి నాగసేనవనం అని పేరు. అడిగేవాడి పేరు కళాశాలకి, చెప్పేవాడి పేరు తోటకి. ఆ కళాశాల ప్రిన్సిపాల్ ఎం.బి. చిట్నిస్ 'యుగయాత్ర' అనే నాటకం రాశాడు. అంటరానివాళ్ళ దుఃఖాన్ని పురాణకాలం నుంచి వర్తమానం దాకా నడిపించిన నాటకం. 1955లో విద్యార్థులు దాన్ని అంబేద్కర్ ఎదుట ఆడారు. 1956లో నాగపూర్‌లో బౌద్ధ దీక్ష సందర్భంగా లక్షల జనం ముందు ఆడారు. మరాఠీ దళిత నాటకరంగ చరిత్ర రాసేవాళ్ళు చాలామంది ఈ నాటకం దగ్గర మొదలుపెడతారు. అదే కళాశాలలో పాఠం చెప్పిన గంగాధర్ పాన్‌తావణే నడిపిన 'అస్మితాదర్శ్' పత్రిక ఒక తరం దళిత రచయితలకి ఇల్లయింది.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. మిళిందలో ఏం కలిసింది? మొదటిది, నాటకం రాసింది ప్రిన్సిపాల్. అంటే కళ అక్కడ వార్డెన్ కళ్ళుగప్పి చేసేది కాదు, సంస్థ తలకెత్తుకున్నది. రెండోది, ఆడినవాళ్ళు ఆ చరిత్ర అనుభవించిన ఇళ్ళ పిల్లలు. పగలు చరిత్ర పాఠంలో తమ పేరు కనబడని పిలగాడు సాయంత్రం ఆ చరిత్రని వేదిక మీద తిరగరాశాడు. వేదిక తరగతిని ప్రశ్నించింది. మూడోది, ఆ నాటకం కాలేజీ గోడల మధ్య ఆగకుండా నాగపూర్ మైదానానికి వెళ్ళింది. కలపడం అంటే ఇదీ. అతిథికి స్వాగతం చెప్పడం కాదు.

దీని వెనక అప్పటికే పాతికేళ్ళ అంబేద్కరీ జల్సా సంప్రదాయం ఉంది. 1930ల్లో భీమరావు కర్డక్ వంటివాళ్ళు ఊరూరా తిప్పిన దళాలు అవి. వాళ్ళు తమాషా రూపాన్ని తీసుకున్నారు. కానీ ఉన్నదాన్ని ఉన్నట్టు తీసుకోలేదు. దళిత స్త్రీ దేహాన్ని అగ్రకుల మగవాళ్ళ కళ్ళకి విందు చేసే భాగాన్ని వదిలేసి, ఆ చోట వాదన, వెక్కిరింపు, చదువు గురించి మాట పెట్టారు. తమాషా, లావణీల మీద షర్మిలా రేగే చేసిన పనిలో ఈ కులం-లైంగికత ముడి వివరంగా కనబడుతుంది. మన వారసత్వాన్ని మనం తీసుకోవాలి, తీసుకునేటప్పుడు ఏరుకోవాలి అనేది జల్సా నేర్పిన పాఠం.

మనోళ్ళ అభ్యంతరం

ఇప్పుడు అసలు కష్టమైన ప్రశ్నకి వద్దాం. ఇది అగ్రకులాలవాళ్ళు వేసేది కాదు, మన వాడల్లోనే వినబడేది. 'ఆ డప్పు వదిలించుకోవడానికే కదా మిమ్మల్ని చదివించింది. మళ్ళీ యూనివర్సిటీలో అదే మెడకి తగిలించుకుంటారా?'

ఈ మాటని కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు. డప్పు కళ కాకముందు వెట్టి. అర్ధరాత్రి ఎవరింట్లో చావు జరిగినా లేచి పోవాలి. కొట్టనంటే ఊరు దెబ్బ కొట్టింది, పని ఇవ్వకుండా చేసింది. డప్పు కొట్టం అని చెప్పడం చాలా ఊళ్ళల్లో తిరుగుబాటుకి మొదటి మెట్టు. ఆ మెట్టు ఎక్కిన తండ్రికి కొడుకు కాలేజీ ఫొటోలో డప్పుతో కనబడితే ఏమనిపిస్తుంది?

దీనికి ఒక జవాబు 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా ఇచ్చింది. ఊరి పెద్ద మాటని చాటడానికి కొట్టిన డప్పుని మాదిగలు తమ మాటని చాటడానికి కొట్టారు. వాయిద్యం మారలేదు, చాటింపు ఎవరిదనేది మారింది. అవమానం తోలులో లేదు, ఆజ్ఞలో ఉంది అని ఆ ఉద్యమం రుజువు చేసింది. దానికంటే ముందు జన నాట్యమండలి, గద్దర్ డప్పుని విప్లవ వేదిక మీదికి తెచ్చారు. అక్కడ డప్పు పీడితుల గొంతు అయింది గానీ, డప్పు కొట్టినవాడి కులం గురించిన మాట చాలాకాలం వెనకే ఉండిపోయింది. దండోరా ఆ మాటని ముందుకు తెచ్చింది.

అయినా ఉద్యమంలో డప్పు వేరు, సంస్థలో డప్పు వేరు. సంస్థకి ఆజ్ఞాపించే అలవాటు ఉంటుంది. 'మీవాళ్ళకి పుట్టుకతో వచ్చిందే కదా, నువ్వు కొట్టు' అని మాస్టారు మాదిగ విద్యార్థి చేతికి డప్పిస్తే, అది సిలబస్‌లో ఉన్నా వెట్టే. అందుకని మా వాదన స్పష్టంగా చెప్పుకుందాం. డప్పు ఎవరి పుట్టుకా కాదు, అందరూ నేర్చుకోవాల్సిన విద్య. నాట్యం, రంగస్థలం చదివే ప్రతి విద్యార్థీ, ఏ కులంవాళ్ళయినా, నేర్చుకోవాలి. పరీక్ష రాయాలి. దరువు తప్పితే మార్కులు పోవాలి. పేపర్ తప్పితే సప్లిమెంటరీ కట్టాలి. ఒక అగ్రకుల విద్యార్థి డప్పులో ఫెయిలై, మాదిగ గురువు దగ్గరికి మళ్ళీ నేర్చుకోవడానికి వచ్చి నిలబడిన రోజున కులం పునాది కొంచెమైనా కదులుతుంది. వంద ఉత్సవాల్లో డప్పు మోగినా అది కదలదు.

అట్లాగే అన్నిటినీ కళ పేరుతో లోపలికి తెచ్చుకోం. జోగిని ఆటని 'జానపద నృత్యం' అని అందంగా పేరుపెట్టి ఆడపిల్లలకి నేర్పిస్తామంటే ఒప్పుకోం. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ అంకితాన్ని నిషేధిస్తూ చట్టం చేయాల్సి వచ్చింది. ఆ ఆట గురించి చదవాలి, దాని వెనకున్న హింస గురించి చదవాలి. దాన్ని ఉత్సవాల ఐటమ్ చేయకూడదు. ఏది నేర్చుకోవాలి, ఏది చదివి వదిలేయాలి అనే నిర్ణయం ఆ కులాల ఆడవాళ్ళు కూర్చున్న కమిటీలో జరగాలి.

నేర్పేది ఎవరు?

ఇక్కడే ఈ కార్యక్రమాల రంగు బయటపడుతుంది. అధ్యాపక నియామకాల మీద యూజీసీ 2018లో చేసిన నిబంధనల్లో సంగీతం, నృత్యం విభాగాలకి ఒక ప్రత్యేక దారి పెట్టారు. పీజీ, నెట్ లేకపోయినా సంప్రదాయ కళాకారుణ్ణి అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా తీసుకోవచ్చు. బాగుంది. షరతులు చూడండి. ఆ విషయంలో బ్యాచిలర్ డిగ్రీ ఉండాలి. పేరున్న గురువు దగ్గర నేర్చుకుని ఉండాలి. ఆకాశవాణి లేదా దూరదర్శన్‌లో 'ఏ' గ్రేడ్ ఉండాలి. విషయాన్ని తర్కబద్ధంగా వివరించగలగాలి. ఈ తలుపు ఎవరి ఎత్తుకి కొలిచి పెట్టారో చెప్పనక్కర్లేదు. చిందు మేళంలో పుట్టి వేషం కడుతూ పెరిగిన మనిషి ఏ కాలేజీలో చిందులో డిగ్రీ చదివుండాలి? డిగ్రీ పెట్టరు. పెట్టని డిగ్రీ లేదని ఉద్యోగం ఇవ్వరు.

పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య సంగతి అందరికీ తెలుసు. 2022లో పద్మశ్రీ వచ్చింది. బడిపిల్లల పుస్తకంలోకి ఆయన కిన్నెర పాఠంగా ఎక్కింది. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో కట్టడం పనికి కూలీగా వెళ్తున్నాడని పత్రికలు రాశాయి. పిల్లలు ఆయన గురించి చదివి పరీక్షలు రాస్తారు. ఆయన మాత్రం ఏ విద్యాసంస్థలోనూ నెల జీతం తీసుకునే గురువు కాలేకపోయాడు. 2024లో చిందు యక్షగానానికి గడ్డం సమ్మయ్యకి, బుర్రవీణకి దాసరి కొండప్పకి పద్మశ్రీ ఇచ్చారు. గౌరవం మంచిదే. అవార్డు ఒక రోజు పండగ. పోస్టు ముప్ఫయ్యేళ్ళ బతుకు, దాని తర్వాత పెన్షన్, దాని చుట్టూ తయారయ్యే శిష్యులు. కళ బతికేది రెండోదాంతోనే.

కళాకారుల్ని కొంతకాలం ఆవరణలో ఉంచే పథకాలు కూడా ఈ అతిథి మర్యాద పరిధిలోనే ఆగిపోయే ప్రమాదం ఉంది. అతిథి ఎంత గొప్పవాడైనా సిలబస్ కమిటీలో కూర్చోడు, ప్రశ్నపత్రం తయారుచేయడు, పరిశోధనకి మార్గదర్శకుడు కాడు. డప్పుకి సర్టిఫికెట్ కోర్సు పెట్టడం వేరు, డప్పుకి పోస్టు పెట్టడం వేరు. మొదటిది దానం. రెండోది అధికారంలో వాటా.

ఉండేది ఎక్కడ?

వసతి కళాశాల అన్నప్పుడు 'వసతి' అనే మాట మీద కూడా నిలబడాలి. అక్కడ ఎవరు ఉండగలుగుతున్నారు? 2015 డిసెంబర్‌లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం అయిదుగురు దళిత పరిశోధకుల్ని హాస్టల్ నుంచి వెలివేసింది. 2016 జనవరిలో వాళ్ళు ఆవరణలోనే ఆరుబయట గుడారం వేసుకుని దానికి 'వెలివాడ' అని పేరుపెట్టారు. ఆ నెల 17న రోహిత్ వేముల చనిపోయాడు. ఆ తర్వాత వెలివాడ పాటకి, ప్రసంగానికి, చదువుకి కేంద్రమైంది. కళ, చదువు, నివాసం మూడూ నిజంగా కలిసిన చోటు అది. ఏ కార్యక్రమమూ దాన్ని ఏర్పాటు చేయలేదు. వెలివేత చేసింది. గది లాక్కుంటే అక్కడ చదువు ఏముంది, కళ ఏముంది?

రోజువారీ సంగతులూ చిన్నవి కావు. సంగీతం గదికి గోడలుంటాయి. డప్పుకి మంట కావాలి, బయలు కావాలి. హాస్టల్ నిబంధనల్లో మంట నేరం, చప్పుడు నేరం. ఆడపిల్లల హాస్టల్ గేటు ముందే మూసేస్తారు కాబట్టి రాత్రి సాధన మగపిల్లలకే మిగులుతుంది. అట్లా డప్పు మళ్ళీ మగవాళ్ళ సొత్తు అవుతుంది. స్కాలర్‌షిప్ ఎప్పుడొస్తుందో తెలియని పిలగాడు, ఇంటికి డబ్బు పంపాల్సిన పిల్ల, మార్కులు రాని పనికి రోజుకి రెండు గంటలు ఎక్కడినుంచి తెస్తారు? కళకి మార్కులివ్వండి అని మేం అడిగేది గొప్పకోసం కాదు. పేద విద్యార్థి టైముకి విలువ కట్టమని అడుగుతున్నాం.

ఏం కావాలి?

విమర్శ రాసి చేతులు దులుపుకోవడం మా ఉద్దేశం కాదు. ఉపాధ్యాయ సంఘాలూ, విద్యార్థి సంఘాలూ చర్చకి పెట్టుకోవడానికి కొన్ని మాటలు:

ఒకటి. ప్రదర్శన కళల విభాగాల్లో డప్పు, చిందు, కిన్నెర, జమిడిక వంటివి క్రెడిట్లున్న పేపర్లు కావాలి. అందరికీ ఒకటే పరీక్ష. సాధనతోపాటు ఆ కళ వెనకున్న వెట్టి చరిత్ర కూడా పాఠంలో ఉండాలి.

రెండు. ఈ కళలకి శాశ్వత పోస్టులు కావాలి. డిగ్రీ షరతు ఎత్తేసి, ఆ కళాకారులే సభ్యులుగా ఉన్న ఎంపిక కమిటీ వేయాలి. కళా విభాగాల నియామకాల్లో రిజర్వేషన్ రోస్టర్ ఎట్లా నడుస్తోందో బయటపెట్టాలి.

మూడు. హాస్టల్ ఆవరణలో సాధనకి చోటు, సమయం అధికారికంగా ఇవ్వాలి. అమ్మాయిలకి అబ్బాయిలతో సమానంగా ఇవ్వాలి.

నాలుగు. దీన్ని మన పిల్లలకి మాత్రమే అంటగట్టకూడదు. 2016లో తెలంగాణలో సాంఘిక సంక్షేమ శాఖ కింద అమ్మాయిలకి ముప్ఫయి గురుకుల డిగ్రీ కళాశాలలు మొదలయ్యాయి. అక్కడ డప్పు రావాలి. దానికంటే ముందు ప్రయోగశాల, లైబ్రరీ, ఇంగ్లీషు, లెక్కల టీచర్ రావాలి. వాళ్ళ పిల్లలకి కంప్యూటరు, మన పిల్లలకి కల్చరు అనే పంపకం జరిగితే ఈ కలపడం మొత్తం మోసమే. కార్పొరేట్ కాలేజీలో డప్పు నేర్పనంతకాలం గురుకులంలో మాత్రమే నేర్పడం కులవృత్తి శిక్షణే అవుతుంది.

కళనీ చదువునీ విడదీసింది మనం కాదు. మన చేతికి కళ ఇచ్చి చదువు లాక్కున్నారు. ఇప్పుడు చదువు కోసం వచ్చినప్పుడు కళని గేటు దగ్గర పెట్టి రమ్మంటున్నారు, ఉత్సవం రోజు మాత్రం తీసుకురమ్మంటున్నారు. మిళింద విద్యార్థులు ఆ గేటు దగ్గర ఆగలేదు. డప్పు వేదిక మెట్లు ఎక్కాలి. ఎక్కి అక్కడా ఆగకూడదు. హాజరు పట్టీలోకి, ప్రశ్నపత్రంలోకి, జీతాల రిజిస్టర్‌లోకి వెళ్ళాలి. అప్పటిదాకా ఎవరైనా మా ముందు 'కళ, చదువు కలపడం' అని మాట్లాడితే, మేం ముందు జీతాల రిజిస్టర్ చూపించమంటాం.